పింగ్ ముందా, ట్రేస్‌రూట్ ముందా?

నెట్ పని చేయనప్పుడు లోపం ఎక్కడుందో వెతకడానికి అనంతపురంలో డిగ్రీ పిల్లలకు నేను ముందు నేర్పేది పింగ్. 1983లో మైక్ మూస్ రాసిన ఈ ఆదేశం అవతలి యంత్రం పలుకుతోందా, ఎన్ని మిల్లీసెకన్లలో అని మాత్రమే చూస్తుంది. మొన్న ఒక అమ్మాయి ఇంటి రౌటర్ 192.168.1.1కి పింగ్ పంపితే 2 మిల్లీసెకన్లలో జవాబొచ్చింది. వైఫై బాగానే ఉందని తేలింది. బయటి సర్వర్ మాత్రం పలకలేదు.

అక్కడ, దారిలోని రౌటర్లను ఒక్కొక్కటిగా చూపే ట్రేస్‌రూట్ ఆదేశం కావాలి. విండోస్‌లో దాని పేరు ట్రేసర్ట్. టీటీఎల్ (ఎన్ని రౌటర్ల దాకా వెళ్లవచ్చో చెప్పే అంకె) విలువను 1, 2, 3 అని పెంచుతూ ప్యాకెట్లు, అంటే చిన్న డేటా ముక్కలు, పంపుతుంది. ప్రతి రౌటర్ ఆ విలువలో ఒకటి తగ్గిస్తుంది. విలువ సున్నా అయిన చోటి రౌటర్ తిరిగి కబురు పెడుతుంది. కర్నూలు బస్సు గుత్తి, డోన్ దాటినట్లు దారిలోని మజిలీలు వరుసగా తెర మీదికి వస్తాయి. నాకు ఎంతో ఇష్టమైన దృశ్యం అది! మధ్యలో నక్షత్రాలు (*) కనబడితే కంగారు పడకండి, కొన్ని రౌటర్లు జవాబివ్వవు. పింగ్‌నూ కొన్ని సర్వర్లు పట్టించుకోవు.