జిమ్నీకి 40 మి.మీ. లిఫ్ట్, 25 మి.మీ. స్పేసర్లు: 31,000 కిలోమీటర్లు తిరిగాక

ముందు ఫలితం చెప్పేస్తాను. లిఫ్ట్ (పొడుగు స్ప్రింగులతో బాడీని పైకి లేపే కిట్టు) ఇంకా బండి కిందే ఉంది. స్పేసర్లు (హబ్బుకూ చక్రానికీ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే మందపాటి పలకలు) మాత్రం 13,000 కిలోమీటర్ల దగ్గర ఊడదీశాను, మళ్లీ ఎక్కించే ఉద్దేశం లేదు. ఈ రెండింటినీ జంటగా అమ్ముతుంటారు గానీ ఒకదానితో ఒకటికి పని లేదు.

బండి 2023 మోడల్ మారుతి జిమ్నీ, ఐదు డోర్లు, పెట్రోల్ మాన్యువల్. తిరుగుడులో మూడింట రెండు వంతులు తారు రోడ్డే: తిరుపతి నుంచి చిత్తూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా. మిగిలింది మామిడి తోపుల్లోని గుంతల బాటలు, గ్రానైట్ క్వారీలకు పోయే రాళ్ల దారులు, స్వర్ణముఖి ఇసుక, వానాకాలంలో వంకలు దాటడం. శేషాచలం అడవిలోకి బండి దించడం ఇందులో లేదు. అది నేషనల్ పార్కు, అక్కడ బాట వదలడం నేరం.

లిఫ్ట్ గురించి చాలామందికి ఉన్న పొరపాటు ఒకటుంది. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇనప ఇరుసు. కంపెనీ చెప్పే 210 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ డిఫరెన్షియల్ డొప్ప (యాక్సిల్ మీద గేర్లు ఉండే గుండ్రటి భాగం) కింద కొలిచేది. ఆ డొప్ప చక్రాలతో పాటే ఉంటుంది కాబట్టి స్ప్రింగు ఎంత పొడుగైనా అది ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. లేపేది టైరు మాత్రమే. 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మి.మీ., దాని బదులు వేసిన 215/75 ఆర్15ది సుమారు 703. అంటే డొప్ప కింద పెరిగింది 5 మి.మీ. మరి లిఫ్ట్ ఎందుకంటే, ఛాసిస్ కోసం. ఐదు డోర్ల జిమ్నీ వీల్‌బేస్ 2,590 మి.మీ. గట్టు ఎక్కి దిగేటప్పుడు మధ్యలో పొట్ట తగలడమే దీని బలహీనత. లిఫ్టూ టైరూ కలిపి బాడీ 45 మి.మీ. లేస్తే, పొట్ట తగలకుండా దాటగల గట్టు కోణం లెక్క ప్రకారం మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. తోపుల మధ్య కాలవ గట్లు దాటేటప్పుడు ఈ తేడా రోజూ తెలుస్తుంది. రాళ్ల దారిలో మాత్రం డొప్పను చూసుకుని నడపడం ఎప్పటిలాగే తప్పదు.

కిట్టులో వచ్చినవి నాలుగు స్ప్రింగులు, నాలుగు గ్యాస్ షాక్‌లు. వీటితో పని అయిపోయిందనుకుంటే బండి తారు రోడ్డు మీదే ఏడిపిస్తుంది. విడిగా కొనాల్సినవి: ముందుకీ వెనక్కీ అడ్జస్టబుల్ లేటరల్ రాడ్లు (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టేవి) రెండు, ముందు రేడియస్ ఆర్మ్‌లకు (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే పొడవాటి కడ్డీలు) క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి ఒరిగిన కోణం) సరిచేసే ఆఫ్‌సెట్ బుష్‌లు (రంధ్రం పక్కకు జరిగి ఉన్న కీలు ముక్కలు), నాలుగు వైపులా బంప్ స్టాప్ (స్ప్రింగు పూర్తిగా నొక్కుకుంటే తగిలే రబ్బరు దిమ్మ) కిందికి పొడిగించే ముక్కలు, బ్రేక్ హోసుల బ్రాకెట్లు కిందికి దించే పట్టీలు. కిట్టు ధర మీద ఇంకో మూడో వంతు వీటికే పక్కన పెట్టుకోవాలి. స్ప్రింగు ఎంచుకునేటప్పుడు బరువు చూడండి. విదేశీ కిట్లలో ఎక్కువ భాగం ఇనప బంపర్, వించ్ ఉన్న బండికి చేసినవి. ఇంచుమించు 1,200 కిలోల ఖాళీ జిమ్నీకి అవి వేస్తే 40 అన్నది 60 లేస్తుంది, చిన్న గుంతకే వెనక సీటు ఎగిరిపడుతుంది. బంపర్ మార్చే ఆలోచన లేకపోతే తేలిక రకమే తీసుకోండి.

బిగింపు ఇద్దరికి ఒక రోజు పని. విప్పకముందు నాలుగు చోట్లా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి లెక్క తప్పిస్తుంది. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, యాక్సిల్ కింద జాకీ పెట్టాలి. షాక్‌లు, స్టెబిలైజర్ లింకులు, లేటరల్ రాడ్డు ఒక చివర విప్పి జాకీ దించితే స్ప్రింగు చేతికే వస్తుంది, కంప్రెసర్ అక్కర్లేదు. ఈ దించే సమయమే ప్రమాదం. ఏబీఎస్ వైర్లు, బ్రేక్ హోసులు, ముందు హబ్బులకు పోయి, ఫోర్ వీల్ వేసినప్పుడు వాటిని యాక్సిల్‌తో కలిపే సన్నటి వాక్యూమ్ గొట్టాలు క్లిప్పుల నుంచి ముందే వదులు చేసుకోకపోతే యాక్సిల్ బరువంతా వాటి మీదే వేలాడుతుంది. వాక్యూమ్ గొట్టం చీలితే అప్పటికి తెలియదు. బురదలో ఫోర్ వీల్ వేసినప్పుడు మీటరులో 4డబ్ల్యూడీ లైటు ఆగకుండా కొట్టుకుంటుంది, హబ్బు పట్టదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: రబ్బరు బుష్ ఉన్న ఏ బోల్టూ బండి గాల్లో ఉండగా బిగించకూడదు. రేడియస్ ఆర్మ్‌లు, లేటరల్ రాడ్లు, షాక్ కింది కళ్లు, అన్నీ చేతి బిగువు మీద ఉంచి, చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించి, బంపర్ పట్టుకుని నాలుగుసార్లు ఊపి, అప్పుడు కింద పడుకుని ఫైనల్ టైట్ చేయాలి. వేలాడే భంగిమలో బిగిస్తే బుష్ లోపలి ఇనప స్లీవ్ ఆ కోణంలోనే ఇరుక్కుంటుంది. బండి దిగాక రబ్బరు రాత్రింబవళ్లు మెలిపడే ఉంటుంది. మొదటిసారి బిగించిన షాపులో ఇదే చేశారు. ఎనిమిది నెలలకే వెనక ఆర్మ్ బుష్ విప్పి చూస్తే, స్లీవ్ చుట్టూ రబ్బరు నెలవంక ఆకారంలో చీలి, చీలికలో ఎర్రమన్ను దూరి, స్లీవును వేలితో కదిపితే కదిలింది. అదే వయసున్న ఎడమ వైపు ముందు బుష్, నేల మీద తిరిగి బిగించినది, ఈ రోజుకీ నున్నగా ఉంది. షాపు వాళ్లను ఈ ఒక్క విషయం దగ్గరుండి అడగండి: "అన్నా, కింద దించినాకే టైట్ చెయ్యి" అని.

లేటరల్ రాడ్డు ఎందుకు మార్చాలో తూకం గుండుతో చూస్తే అర్థమవుతుంది. రాడ్డు ఒక చివర ఛాసిస్‌కు, మరో చివర యాక్సిల్‌కు ఉంటుంది. బాడీ లేస్తే రాడ్డు ఏటవాలు ఎక్కువై యాక్సిల్‌ను పక్కకు లాగుతుంది. పాత రాడ్లతోనే ఫెండర్ అంచు నుంచి గుండు వేలాడదీసి టైరు దాకా కొలిస్తే ముందు యాక్సిల్ 7 మి.మీ. జరిగింది. రాడ్డు పొడవు సరిచేసి రెండు వైపులా తేడా 2 మి.మీ. లోపలికి తెచ్చాక, చెక్ నట్టు గట్టిగా బిగించి, పెయింటు గీత పెట్టుకోవాలి. గీత తప్పితే నట్టు వదులైనట్టే. దీని తర్వాత స్టీరింగ్ వీల్ పక్కకు తిరిగి కనిపిస్తుంది. దాన్ని వీల్ ఊడదీసి తిప్పి పెట్టకూడదు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాలకు పోయే రాడ్డు) పొడవు మార్చి నిటారు చేయాలి. అలా చేయకపోతే స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ లెక్క తప్పి, బండి జారకుండా చూసే ఈఎస్‌పీ లైటు వస్తుంది.

క్యాస్టర్ సంగతి ఇంకా గట్టిది. రేడియస్ ఆర్మ్ వెనక చివర ఛాసిస్‌తో పాటు పైకి లేవడంతో యాక్సిల్ గుండ్రంగా తిరిగి క్యాస్టర్ తగ్గుతుంది. ఆఫ్‌సెట్ బుష్‌లు వేయకముందు మూడు వారాలు నడిపినప్పుడు, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాలేదు. 80 దాటితే హైవే మీద లారీ పక్క నుంచి పోయినప్పుడల్లా సరిదిద్దుకోవాల్సి వచ్చింది. అలైన్‌మెంట్ షాపులో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న తేడా) మాత్రమే మారుతుంది, రిజిడ్ యాక్సిల్‌కు క్యాస్టర్ సరిచేసే బోల్టు ఉండదు. కాబట్టి బుష్‌లు వేశాకే అలైన్‌మెంట్‌కు వెళ్లండి, డబ్బు రెండుసార్లు కట్టక్కర్లేదు. బుష్ మీద బాణం గుర్తు ఉంటుంది. తిప్పి నొక్కితే క్యాస్టర్ ఇంకా పోతుంది. ప్రెస్‌లో నొక్కేముందు రెండు ఆర్మ్‌లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇప్పుడు స్పేసర్లు. 25 మి.మీ. మందం, 5×139.7 (ఐదు స్టడ్లు, వాటి వలయం వ్యాసం 139.7 మి.మీ.), లోపలి బోరు 108 మి.మీ., హబ్ మీద కూర్చునే రకం. అల్యూమినియం ఫోర్జింగ్, తమ సొంత స్టడ్లు (చక్రం నట్లు ఎక్కే బోల్టులు) ఉన్నవి. స్టడ్లు లేని వట్టి పలక రకం అసలు తాకొద్దు, నట్టుకు చిక్కే చుట్లు తగ్గిపోతాయి. జిమ్నీ స్టడ్ ఎం12 (12 మి.మీ. మందం), పిచ్ అంటే పళ్ల మధ్య దూరం 1.25 మి.మీ. బజారులో 1.5 పిచ్ నట్లే ఎక్కువగా దొరుకుతాయి. అవి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటాయి, అక్కడ గన్ పెట్టి తోస్తే స్టడ్ పళ్లు పోతాయి. మొదటి ఐదు చుట్లు చేత్తోనే తిరగాలి. హబ్ ముఖం మీది తుప్పు వైరు బ్రష్‌తో బంగారంలా మెరిసేదాకా గీకాలి. అక్కడ పావు మిల్లీమీటరు తుప్పు పొర మిగిలినా వంద కిలోమీటర్లలో అది నలిగి నట్టు వదులవుతుంది. స్టడ్లకు గ్రీజు పూయకూడదు, టార్క్ లెక్క అబద్ధమవుతుంది. నట్లు నక్షత్రం వరసలో 100 న్యూటన్ మీటర్లకు, టార్క్ రెంచితోనే. హబ్బు పాత స్టడ్ల కొసలు స్పేసర్ ముఖం దాటి బయటికి వస్తున్నాయేమో స్కేలు ఆనించి చూడండి. వస్తుంటే, వీల్ వెనక పల్లాలు వాటికి చోటివ్వకపోతే, చక్రం పైకి బిగిసినట్టే కనిపిస్తుంది గానీ కూర్చోదు.

ఇన్ని జాగ్రత్తలతో బిగించినవి వదులు కాలేదు, విరగలేదు. అయినా ఎందుకు తీసేశానంటే, మొదటిది స్టీరింగ్. చక్రం మధ్యరేఖ 25 మి.మీ. బయటికి పోవడంతో కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు) నుంచి టైరుకు ఉన్న మీట అంతే పెరుగుతుంది. క్వారీ దారిలో ఒక చక్రం రాయిని గుద్దితే స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుపోతుంది, బొటనవేలు లోపల పెట్టి పట్టుకుంటే దెబ్బ తగులుతుంది. రెండోది బేరింగులు. 12,500 దగ్గర కుడి ముందు చక్రం పైనా కిందా పట్టి ఊపితే సన్నటి ఆట వచ్చింది, కింగ్‌పిన్ బేరింగ్ మార్చాల్సి వచ్చింది. మూడోది, రివర్సులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గట్టు ఎక్కితే టైరు బంపర్ మూలకు రాసుకునేది. చివరిది అందరూ మరిచిపోయేది: స్పేసర్‌ను హబ్‌కు పట్టే నట్లు చక్రం వెనక దాగి ఉంటాయి. 100, 500 కిలోమీటర్లకు, తర్వాత ప్రతి 5,000కు వాటిని చూడాలంటే నాలుగు చక్రాలూ విప్పాలి. ఏ పంచర్ షాపు వాడూ ఆ పని మనకోసం చేయడు.

దక్కిందేమిటంటే ట్రాక్ 50 మి.మీ. పెరిగి, ఘాట్ మలుపుల్లో పక్కకు ఒరగడం కాస్త తగ్గింది. కానీ ఆ లాభంలో ఎక్కువ భాగం మంచి షాక్‌లే ఇస్తున్నాయి. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ ఇప్పుడు దిగేదారి. వరస హెయిర్‌పిన్ మలుపులతో సస్పెన్షన్‌కు మన ఊళ్లో అంతకన్నా మంచి పరీక్ష లేదు. స్పేసర్లు ఉన్నప్పుడూ తీశాకా అదే వేగంలో దిగితే, తేడా ఇంట్లో వాళ్లెవరూ గుర్తుపట్టలేదు. తీశాక 215 టైరు స్టీరింగ్ చివరంటా తిప్పినప్పుడు ఆర్మ్‌కు దగ్గరవుతుంది. స్టీరింగ్ స్టాప్ దగ్గర 2 మి.మీ. వాషర్ చాలింది. మలుపు వలయం కొంచెం పెరిగింది.

70, 80 మధ్య బ్రిడ్జి జాయింటు దాటగానే స్టీరింగ్ కుదుపు అందుకుంటే కొత్త స్టీరింగ్ డంపర్ కొనడానికి పరుగెత్తకండి. డంపర్ జబ్బును దాస్తుంది. ముందు చక్రాల బ్యాలెన్సు, ఆ తర్వాత లేటరల్ రాడ్డు బోల్టులు, తర్వాత కింగ్‌పిన్ బిగువు, ఈ వరసలో చూడాలి. కింగ్‌పిన్ బిగువును టై రాడ్ విప్పి స్ప్రింగు త్రాసుతో లాగి కొలుస్తారు. చేత్తో అంచనా వేస్తానన్నవాడికి పని ఇవ్వొద్దు.

31,000 దగ్గర కొలతలు: స్ప్రింగులు మొదటి వారం ముందు 46, వెనక 44 లేపాయి. వెయ్యి కిలోమీటర్లకు 41, 40కి దిగాయి, ఇప్పుడు 36, 37. షాక్‌లలో ఎడమ వెనకది సీల్ దగ్గర చెమర్చింది, కారడం లేదు. మే ఎండల్లో గంటసేపు రాళ్ల దారిలో నడిపితే షాక్ మీద చెయ్యి ఆనించలేం, అప్పుడు డంపింగ్ మెత్తబడుతుంది, పది నిమిషాలు ఆపితే తిరిగొస్తుంది. హైవే మైలేజీ లీటరుకు ఒకటిన్నర కిలోమీటర్లు తగ్గింది. ఓడోమీటర్ కూడా ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది కాబట్టి లెక్కలో అది కలుపుకోవాలి. హెడ్‌లైట్లు గోడ మీద పాత గీతకు దించుకోవాలి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి.

చట్టం మాట కూడా తెలిసే దిగాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఫెండర్ దాటి బయటికొచ్చిన చక్రం దూరం నుంచే కనపడుతుంది. యాక్సిడెంటు క్లెయిమ్‌లో సర్వేయర్ మొదట రాసుకునేదీ అదే. సస్పెన్షన్, స్టీరింగ్ భాగాలకు వారంటీ అడిగే ఆశ కూడా వదులుకోవాలి.

తర్వాతి సర్వీసులో మారాల్సింది ముందు లేటరల్ రాడ్డు ఛాసిస్ వైపు బుష్. రాడ్డుతో వచ్చిన పాలీయూరెథేన్ బుష్ 20,000 దాటాక కీచుమంటోంది. విప్పి సిలికాన్ గ్రీజు పెడితే రెండు నెలలు మౌనం, మన ఎర్రమన్ను దుమ్ము చేరగానే మళ్లీ మొదలు. దాని చోట మామూలు రబ్బరు బుష్ నొక్కించడానికి లేత్ షాపులో రాడ్డు కన్ను కొలిపించాను. అర మిల్లీమీటరు బోరింగు సరిపోతుంది.