నీలి సాలీడు కోసం నల్లమల అంచుకు

ముందే చెప్పేస్తున్నా, నీలి సాలీడు కనిపించలేదు. దానికోసమే నాలుగు రోజులు సెలవు పెట్టి, జూన్ చివర్లో తొలి వానలు పడ్డాక నంద్యాల బండెక్కాను.

దీన్ని గుత్తి టరాంటులా (టరాంటులా అంటే ఒళ్ళంతా నూగుండే పెద్ద సాలీడు) అంటారు గానీ గుత్తికీ దీనికీ సంబంధం ఒక్క రైలు దుంగే. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క సాలీడుని చూసి, 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. ఎక్కడి నుంచో కలపతో పాటు వచ్చి ఉంటుందనుకున్నారు. మళ్ళీ నూరేళ్ళ దాకా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. చెట్టు తొర్రల్లో ఉంటుంది, చీకటి పడితే తప్ప బయటికి రాదు. 2008 నుంచి, ప్రమాదంలో ఉన్న జీవుల లెక్క చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల్లో ఇదొకటి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సాలీళ్ళు బయటికొచ్చేది రాత్రి. పులుల అభయారణ్యంలో చీకటి పడ్డాక కాలు పెట్టనివ్వరు. అది న్యాయమే, వాదించడానికేమీ లేదు. అంటే మాక్రో ఫోటోలు, అదే చిన్న చిన్న జీవుల్ని అతి దగ్గరగా, తీసేవాడు చూసుకోవాల్సింది అడవి ఎంత దగ్గరా అని కాదు, బస చేసే చోట ఆవరణ ఎంత ఉంది, అందులో పొదలున్నాయా, రాత్రి పదింటికి టార్చ్ పట్టుకుని తిరిగితే ఎవరైనా కేకలేస్తారా అని. ఈ సంగతి నాకు రెండో రోజుకి గాని తలకెక్కలేదు.

మొదటి రాత్రి నంద్యాలలో ఒక లాడ్జి. గది శుభ్రం, ఏసీ చల్లన. ఆ చల్లదనమే కొంపముంచింది. తెల్లారి కెమెరా బయటికి తీయగానే లెన్స్ నిండా మంచు పట్టినట్టు తేమ. అరగంట పనికి రాలేదు. కెమెరాని జిప్ కవర్లో బిగించి బయటికి తెచ్చి, గాలికి వేడెక్కాక తెరవాలని తెలిసి కూడా బద్ధకించాను. లెన్స్ ఆరేలోపు బాత్రూంలో కాళ్ళు దారాల్లా ఉండే సాలీడు ఒకటి కనబడింది, నోట గుడ్ల మూటతో. మనం దులిపేసే ఆ బూజు సాలీడే. గుడ్లు పిల్లలయ్యేదాకా తల్లి ఆ మూటని కోరలతోనే పట్టుకుని ఉంటుంది. పల్చటి పట్టు వెనక గుండ్రటి గుడ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. లాడ్జికి ఆ ఒక్క ఫోటోకే మార్కులు.

పొద్దున జీపు సఫారీ. మాక్రో వాళ్ళకి డబ్బు దండగ. దిగకూడదు, ఇంజను ఆపినా పక్క సీటాయన కదిలితే జీపు ఊగుతుంది. పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరగా తీస్తే, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 11 దాకా చిన్నది చేసినా నాకు ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరు కాస్త దాటుతుందంతే. జింకల్ని చూసుకోవడానికైతే వెళ్ళొచ్చు.

దిగాక టీ బంకు దగ్గర ఒకతను పక్కకి పిలిచి, "నీలిది కావాలా సార్, సీసాలో పెట్టి తెస్తా, ఎంతిస్తారు?" అన్నాడు. ఒళ్ళు మండింది. పెంపకం కోసం దీన్ని దేశాలు దాటించే వ్యాపారం ఉంది. 2019లో దీన్నీ, దీని దగ్గరి చుట్టాలన్నిటినీ కలిపి, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అందుకే నేను తిరిగిన తొర్రల చెట్ల ఆనవాళ్ళు ఇక్కడ రాయడం లేదు, అడగొద్దు.

రెండో మజిలీ మహానంది. సత్రం గది మామూలే, నీళ్ళకి లోటు లేదు, పడుకోవడానికి గుడి మైకు ఆగేదాకా ఆగాలి. కానీ చుట్టూ అరటి తోటలు! తోట యజమానిని అడిగితే, గెలల జోలికి పోకపోతే చాలన్నాడు. ఆకుల మధ్య సిగ్నేచర్ స్పైడర్లు, ఎనిమిది కాళ్ళని రెండేసి కలిపి ఇంటూ గుర్తులా పెట్టుకుని కూర్చున్నాయి. దగ్గరికెళ్తే గూడుని ఉయ్యాలలా ఊపుతాయి, ఇంకా వెళ్తే కిందకి జారిపోతాయి. ఊపడం ఆగేదాకా నిలబడడమే మార్గం. గాజులపల్లె వైపు ముళ్ళ కంచె మీద మురికి దూది ముద్దలాంటి గూడు, లోపల పదుల సంఖ్యలో సాలీళ్ళు కలిసి కాపురం. పొద్దు వాలగానే ఒక్కొక్కటే వచ్చి చిరిగిన వల బాగుచేసుకుంటున్నాయి. వీటిలో తల్లులు చివరికి పిల్లలకే ఆహారమవుతాయి.

ఆ తోట గట్టునే ఆరుద్ర పురుగులు. చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకున్నవాళ్ళమే గానీ, అవి సాలీడుకి చుట్టాలని ఎవరూ చెప్పలేదు. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది. ఆ ముఖమల్ ఎరుపు కెమెరాకి టెన్షన్ పెడుతుంది. మామూలు ఎక్స్‌పోజర్‌కి తీస్తే నూగంతా కలిసిపోయి ఎర్ర రంగు పూసినట్టుంటుంది. వెలుగుని ఒక స్టాప్‌కి (అంటే సగానికి) కాస్త తక్కువగా తగ్గించి, ఫ్లాష్ మీద తెల్లటి ఫోమ్ షీటు కప్పాక ఒక్కో వెంట్రుకా విడిగా లేచింది. మట్టి మీద బోర్లా పడుకుని తీశాను. చొక్కా సంగతి అడక్కండి.

ఆఖరి రాత్రి అడవి అంచున ఒక క్యాంపులో. తిండి ఆలస్యం, కరెంటు రెండుసార్లు పోయింది, గైడు అని పెట్టినవాడు సాలీడు కనబడగానే పుల్లతో పొడిచి "ఇప్పుడు తీయండి" అన్నాడు. వద్దని పంపించేశాను. అయినా నాలుగు రోజుల్లో ఉత్తమ బస అదే, ఎందుకంటే కంచె లోపలే ఎకరం దాకా గడ్డి ఉంది. హెడ్ టార్చ్ కంటి ఎత్తున పెట్టి చూస్తే గడ్డి నిండా పచ్చని మెరుపులు. మంచు బిందువులనుకుంటాం, అడుగేస్తే కదులుతాయి. వుల్ఫ్ స్పైడర్ల కళ్ళు అవి. లోపల అద్దంలాంటి పొర వెలుగుని తిప్పికొడుతుంది. ఒకదాని వీపంతా పిల్లలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఫోకస్ పెట్టేలోపు రెండు జారి మళ్ళీ కాలు పట్టుకుని ఎక్కేశాయి.

"ఏం సార్, సాలెపురుగును అంతసేపు చూస్తాండారు?" అంటూ వాచ్‌మన్ పెద్దాయన వచ్చాడు. రాళ్ళ గుట్ట మీదికి యూవీ (అతినీలలోహిత) టార్చ్ వేసి చూపించాను. చేతి వేలంత మండ్రగబ్బ, రేడియం బొమ్మలా ఆకుపచ్చగా వెలిగింది. ఆయన రెండడుగులు వెనక్కేసి, టార్చ్ ఆర్పమన్నాడు, మళ్ళీ వేయమన్నాడు. రోజూ తను కుర్చీ వేసుకునే చోటు ఆ గుట్ట పక్కనే.

పొద్దున బయల్దేరుతుంటే గేటు దగ్గర బ్యాగు అందిస్తూ, ఆ లైటు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. అదే ఇచ్చేసి వచ్చాను.