లాక్ రింగులు కొంటున్నారా? "వాడి చూడండి" అంటే మాత్రం వాడకండి

రీలోడింగ్ డైలకు (ఖాళీ తూటా కేసుల్ని మళ్లీ నింపడానికి ప్రెస్‌లో బిగించే పరికరాలు) లాక్ రింగులు, అంటే డై కదలకుండా పట్టి ఉంచే రింగులు, కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఎవరి గురించి చెప్తున్నానో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆన్‌లైన్‌లో వెతికితే ఎప్పుడూ మొదట కనిపించే ఆ అమ్మకందారు మహానుభావుడే.

ఫొటోలో పెట్టింది చీలిక రింగు. అడ్డంగా ఉన్న బోల్టు బిగిస్తే డైని చుట్టూ సమానంగా పట్టుకునే రకం, హార్నడీ, ఫోర్‌స్టర్ కంపెనీలవి చూసే ఉంటారు. చేతికొచ్చినవి చీలికే లేని రింగులు. పక్కన ఒక సెట్ స్క్రూ, బిగిస్తే మొన తిన్నగా డై థ్రెడ్ మీదే దిగుతుంది. వెంటనే మెసేజ్ పెట్టాను. ఎంత మర్యాదో! "ఒకసారి వాడి చూడండి సార్, పనిలో తేడా ఏమీ ఉండదు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాం" అన్నాడు.

సరే కదా అని సీటింగ్ డైకి (బుల్లెట్‌ని కేసులో కూర్చోబెట్టే డై) వేశాను. అలెన్ కీతో మామూలుగానే బిగించాను, బలమంతా పెట్టి కాదు. తర్వాత స్క్రూ వదులు చేసి రింగు తిప్పబోతే కాస్త తిరిగి బిగుసుకుపోయింది. ఎలాగో ఊడదీసి చూస్తే థ్రెడ్ మీద స్క్రూ మొనంత గుంట, దాని అంచున పైకి లేచిన పదునైన గరుకు. అదే అడ్డం పడింది. ఫొటో తీసి పంపాను. అప్పుడొచ్చింది అసలు జవాబు.

"వాడిన సరుకు వెనక్కి తీసుకోం. బిగించడం రానివాళ్లకు ఈ పనెందుకు?"

వాడమన్నది ఎవరయ్యా? తిరిగి అదే అడిగితే బ్లాక్ చేశాడు. ప్రకటనలో ఫొటో కూడా మారిపోయింది, ఇప్పుడు దర్జాగా సెట్ స్క్రూ రింగే కనిపిస్తోంది. "సార్" అనేసరికి కరిగిపోయిన నా తెలివికి దండం పెట్టాలి.

సెట్ స్క్రూ రింగులన్నీ పనికిరావని కాదు. మొనకీ థ్రెడ్‌కీ మధ్య ఇత్తడి ముక్కో సీసమో ఉండాలి, వీటిలో ఏమీ లేదు. ఇక రింగు పట్టు జారి సీటింగ్ డై కిందికి దిగిందంటే బుల్లెట్ కేసులోకి లోతుగా పోతుంది, కాల్చినప్పుడు ప్రెషర్ పెరుగుతుంది. దీన్ని పట్టుకుని "తేడా ఉండదు" అంటాడా!

కొనేముందు చీలిక, అడ్డ బోల్టు రెండూ ఉన్నాయని మెసేజ్‌లో రాయించుకోండి, స్క్రీన్‌షాట్ అప్పుడే తీసుకోండి. 7/8-14 థ్రెడ్ (7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు) అవునో కాదో కూడా చూడండి, చాలా డైలకు అదే సైజు. ఇప్పటికే ఇలాంటివి కొనేసినవాళ్లు స్క్రూ కింద చిన్న సీసపు గుండు వేసి బిగించండి. నేను కంప్లయింట్ పెట్టాను, "పరిశీలిస్తున్నాం" అట.