హైదరాబాద్‌లో పొరుగు, తెనాలిలో గోడ: మెష్ వైఫైతో నాలుగేళ్లు

2021 ఆగస్టులో రెండు పెట్టెల మెష్ వైఫై సెట్ ఒకటి, అంటే ఒకే పేరుతో ఇల్లంతా కలిసి పనిచేసే రౌటర్ల జత, 12,000 పెట్టి కొన్నాను. వైఫై 6 రకం, 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లూ ఉన్నది. ఏ కంపెనీదో చెప్పను. ఆ ధరలో దొరికే సెట్లన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి, పైగా నేను రాయబోయేదాంట్లో సగం ఆ పెట్టె గురించి కాదు, గాలి గురించి.

ముందు పరిస్థితి చెప్తాను. నిజాంపేటలో మూడో అంతస్తులో ఫ్లాట్. ఫైబర్ వేసిన అబ్బాయి వైరు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే, వీధి గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద రౌటర్ బిగించి వెళ్లిపోయాడు. నేను ఆఫీసు పని చేసుకునేది ఆ చివర పడకగదిలో. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి అక్కడ 9 వచ్చేది. ప్లాన్ 200కి పెంచాను. అప్పుడూ 9. ఫోన్ చేస్తే ‘ఒకసారి రీస్టార్ట్ చేయండి సార్’ అనేవాళ్లు. చేసి చేసి ఆ బటన్ మీద అక్షరాలు కూడా అరిగిపోయాయి.

అప్పుడు ఎవరో చెప్తే ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూశాను. మా హాల్లో నిలబడితే 2.4 బ్యాండ్‌లో 31 నెట్‌వర్కులు. పైవాళ్లవి, కిందివాళ్లవి, పక్క బ్లాకువి, ఎవరిదో ప్రింటర్ ఒకటి. తెర మీద గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముగ్గు చెరిపేసినట్టు ఉంది.

2.4 అనే ఈ బ్యాండ్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. అంటే మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. మన దేశంలో ఇందులో 13 ఛానెళ్లని రాసి ఉంటుంది గానీ, ఒక్కో ఛానెల్‌కి 20 మెగాహెర్ట్జ్ జాగా కావాలి, వాటి మధ్య దూరమేమో ఐదే. కాబట్టి ఒకదాన్నొకటి రాసుకోకుండా పనిచేసేవిగా మామూలుగా వాడేది 1, 6, 11 ఈ మూడే. 31 ఇళ్లు, మూడు బోరింగులు. వైఫైలో అందరూ ఒకేసారి మాట్లాడరు, ఒకరు మాట్లాడుతుంటే అదే ఛానెల్‌లో ఉన్న మిగతావాళ్లు ఆగుతారు. అచ్చం బోరింగు దగ్గర బిందెల వరుస. అందులోనూ దూరంగా ఉన్న పాత ఫోన్ ఒకటి సన్నమూతి సీసా లాంటిది. అది నిండేది తక్కువే, కానీ పంపు కింద చాలాసేపు ఉంటుంది. నా 200 ప్లాన్ గుమ్మం దాకా బాగానే వచ్చి, ఇంట్లోకి వచ్చాక ఆ వరుసలో నిలబడుతోంది.

మైక్రోవేవ్ ఓవెన్ సంగతి వేరే. అది పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. ఒకరోజు సాయంత్రం క్లయింట్ కాల్ మధ్యలో నా బొమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. నిమిషంన్నర తర్వాత దానంతటదే బాగయింది. మర్నాడు మళ్లీ అదే టైముకి. వంటింట్లోకి వెళ్తే మా అత్తయ్య సాంబారు వేడి చేస్తున్నారు. అనుమానం తీర్చుకుందామని గ్లాసుడు నీళ్లు లోపల పెట్టి, లాప్‌టాప్‌ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి పింగ్ నడిపాను, అంటే పలకరింపు పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూశాను. 4 మిల్లీసెకన్లు ఉన్నది ఓవెన్ తిరిగినంతసేపూ 300 దాటింది, మధ్యమధ్య అసలు జవాబే లేదు. ఓవెన్‌లో లోపమేం లేదు. లోపల 800 వాట్లు తిరుగుతుంటే తలుపు సందుల్లోంచి మనుషులకి హాని చేయనంత కొంచెం బయటికొచ్చినా, వాటులో పదో వంతు లెక్కన మాట్లాడే వైఫైకి అది పక్కన మైకు పెట్టి అరిచినట్టే. ‘అయితే ఇకనుంచి స్టవ్ మీద వేడి చేయమంటావా బాబూ?’ అన్నారు అత్తయ్య. అక్కర్లేకుండానే పోయింది, మెష్ వచ్చాక లాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్‌కి మారింది కాబట్టి.

అసలు తేడా అంతా అక్కడే. 2018 అక్టోబర్‌లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని వైఫై లాంటివాటికి లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని నోటిఫై చేసింది. 83.5 ఎక్కడ, 605 ఎక్కడ! ఒక్కో రౌటర్ 80 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ పట్టుకున్నా ఐదారు సర్దుకోవచ్చు. పడకగదిలో రెండో పెట్టె పెట్టిన రోజే 9 కాస్తా 90 అయింది.

90 దగ్గరే ఎందుకు ఆగిందంటే, ఆ పెట్టె నా లాప్‌టాప్‌తో మాట్లాడేదీ, హాల్లోని మొదటి పెట్టెతో మాట్లాడేదీ ఒకే 5 గిగాహెర్ట్జ్ ఛానెల్ మీద. ప్రతి మాటా గాలిలో రెండుసార్లు వెళ్తుంది. దుకాణంలో ఈ ముక్క చెప్పరు, డబ్బా మీద రాయరు. ఏడాది ఓర్చుకుని, చివరికి ఫాల్స్ సీలింగ్ మీదుగా రెండు పెట్టెల మధ్య క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ లాగించాను. వైరుకీ ఎలక్ట్రీషియన్‌కీ కలిపి 1,200 అయింది. పడకగదిలో 185 వచ్చింది. వైర్‌లెస్ కోసం 12,000 పోసి, దాని పూర్తి ఫలితం 1,200 వైరుతో చూశానన్నమాట.

ఛానెల్ సంగతికొస్తే, ఈ సెట్ మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. మొదట్లో ఏ ఛానెల్ వాడాలో అదే నిర్ణయించుకునేది, మనల్ని ముట్టుకోనిచ్చేది కాదు. 2023లో అప్‌డేట్ వచ్చాకే చేత్తో మార్చే వీలు ఇచ్చారు. మా అపార్ట్‌మెంట్‌లో 5 గిగాహెర్ట్జ్ రౌటర్లన్నీ 36 మీదో 149 మీదో కూర్చుంటాయి. మధ్యలో 52 నుంచి 144 దాకా దాదాపు ఖాళీ. ఎందుకంటే ఆ భాగాన్ని రాడార్లు కూడా వాడతాయి. అక్కడ కూర్చునే రౌటర్ ముందు ఒక నిమిషం ఊరికే వినాలి, తర్వాత ఎప్పుడైనా రాడార్ లాంటిది వినబడితే వెంటనే లేచి వేరే ఛానెల్‌కి పోవాలి. నేను 100 పెట్టుకున్నాను. ఖాళీ రోడ్డు మీద బండి నడిపినట్టుంది. కాకపోతే రెండు మూడు నెలలకోసారి నెట్ ఠక్కున పోతుంది, రౌటర్ రాసుకునే లాగ్‌లో చూస్తే ‘రాడార్ గుర్తించాం’ అని ఉంటుంది. అది నిజంగా రాడారో, ఇంకేదో చప్పుడుకి ఉలిక్కిపడిందో లాగ్ చెప్పదు. ఆఫీసులో పనిచేసేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. ఇంటర్వ్యూలు, ఆన్‌లైన్ పరీక్షలు ఉన్న ఇంట్లో మాత్రం ఆ రోజుకి 36కి మార్చుకోవడం మంచిది.

స్మార్ట్ బల్బులతో తలనొప్పి ఇంకోటి. బల్బు, సీసీ కెమెరా, నీళ్ల మోటారు స్విచ్చి, అన్నీ 2.4 మాత్రమే ఎరిగినవి. మెష్‌లో రెండు బ్యాండ్లకీ ఒకే పేరు. ఫోన్ 5 మీద ఉంటే బల్బుకి కనబడదు. రెండు గంటలు కుస్తీ పట్టాక, అతిథుల కోసం వేరే పేరుతో ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌ని 2.4కి మాత్రమే పెట్టి అవన్నీ అందులో పడేశాను. అప్పట్నుంచి పేచీ లేదు.

కేబుల్ లాగాక పడకగదిలో పాత రౌటర్ సరిపోయింది. అందుకని 2024 సంక్రాంతికి రెండో పెట్టెని తెనాలిలో అమ్మానాన్నల దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ కథంతా తలకిందులు. యాప్ తెరిస్తే చుట్టూ మూడంటే మూడు నెట్‌వర్కులు. 2.4 గిగాహెర్ట్జ్ పెరట్లో బాదం చెట్టు కింద కూడా 40 ఇస్తోంది. నేను గొప్పగా చెప్పిన 5 మాత్రం హాల్లో మైనస్ 52 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు) చూపించి, పద్నాలుగు అంగుళాల గోడలు రెండు దాటేసరికి వంటింట్లో మైనస్ 84కి పడిపోయింది. దానికి తోడు సరిగ్గా దారికడ్డంగా ఇనప బీరువా. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడల్లో ఎక్కువ ఇంకిపోతుందని చదవడం వేరు, నాన్న యూట్యూబ్‌లో గుండ్రం తిరుగుతుంటే చూడటం వేరు. ‘ఒరేయ్, నీ అయిదు నాకొద్దు గానీ ఆ రెండున్నరే ఉంచు’ అన్నారు. అదే ఉంచాను. బీరువా జరపడానికి అమ్మ ఒప్పుకోలేదు.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు 6 గిగాహెర్ట్జ్ రౌటర్ వాడతాడు. అమెరికాలో 2020 ఏప్రిల్‌లోనే 5925 నుంచి 7125 దాకా 1200 మెగాహెర్ట్జ్ మొత్తం వైఫైకి తెరిచారు. మనకి 2025 మేలో వచ్చిన ముసాయిదా నిబంధనల్లో ఇస్తామన్నది 5925 నుంచి 6425 వరకు, అంటే 500, అదీ ఇంటి లోపల తక్కువ పవర్‌తో వాడేందుకు ప్రధానంగా. పై భాగం మొబైల్ కంపెనీలు తమకి కావాలన్నాయి. వాళ్ల బాధ వాళ్లది. కానీ నిజాంపేట లాంటి చోట ప్రతి గుమ్మానికీ ఫైబర్ వచ్చేసింది, ఆ ఫైబర్ చివర ఉండేది ఈ వైఫైయే. 6 గిగాహెర్ట్జ్ గోడ దాటలేదని కొందరు తీసిపారేస్తారు. మా ఫ్లాట్‌కి అదే కావాలి, పక్కింటిది మా ఇంట్లోకి రాదుగా! ఒక్కటి గుర్తుంచుకోండి, నా సెట్ పేరులో ‘వైఫై 6’ ఉన్నా, అలాంటి పాత వాటికి ఏ అప్‌డేట్‌తోనూ 6 గిగాహెర్ట్జ్ రాదు. దానికి రేడియోయే వేరు. మీ ఫోన్‌లో, లాప్‌టాప్‌లో ఆ బ్యాండ్ లేకపోతే ఇప్పుడే పరుగెత్తి కొనాల్సిన పని కూడా లేదు.

మిగతావి క్లుప్తంగా. రెండో ఏట అడాప్టర్ ఒకటి పోయింది, 350 పెట్టి అదే వోల్టేజీది కొన్నాను. పెట్టె ఎండాకాలంలో కాలుతుంది, టీవీ వెనక దూర్చకండి. నెట్ పోయినప్పుడు యాప్‌లోకి లాగిన్ అవ్వాలంటే నెట్ కావాలి, ఇదేం తెలివో నాకర్థం కాలేదు. ఐదుకి మూడున్నర ఇస్తాను.

పోయిన వారం మళ్లీ వేగం తగ్గింది. యాప్‌లో చూస్తే ఛానెల్ 100 మీద, 160 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, మా సిగ్నల్ అంత గట్టిగా కొత్త పేరొకటి. కింద 203లోకి కొత్తగా దిగినవాళ్లది. వెళ్లి తలుపు కొట్టి, ‘మీ వైఫై ఛానెల్ గురించండీ’ అన్నాను. ఆయన ‘మేం టీవీ ఛానెళ్లు పెట్టించుకోలేదండీ, ఓటీటీయే’ అన్నాడు. కాఫీ తాగి, ఆయన ఫోన్‌లోనే ఛానెల్ 149కి, వెడల్పు 80కి మార్చి వచ్చాను.