బిట్లలో ఏది మేలు: ఆప్షన్లా, ఖాళీలా, తప్పొప్పులా?

ఎఫ్ఏ (బడిలో ఏడాది మధ్యమధ్య పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు దగ్గరపడ్డాయంటే కొత్తగా చేరిన టీచర్లు అడిగేది ఒకటే: బిట్లు (ఒక్క మార్కు చిన్న ప్రశ్నలు) ఏ రకంవి ఇవ్వాలండీ? త్వరగా దిద్దేయొచ్చని చాలామంది తప్పొప్పులకే మొగ్గుతారు. దిద్దడం ఎంతసేపని నేను చూడను. పిల్లాడు తప్పు రాస్తే, ఎక్కడ తడబడ్డాడో ఆ జవాబును బట్టి తెలియాలి. తెలియకపోతే మర్నాడు క్లాసులో ఏం చెప్పాలి?

ఆ లెక్కన తప్పొప్పులది చివరి స్థానం. ఇంకీ పింకీ పాంకీ అనుకుంటూ టిక్కులు పెట్టినా పదింటికి అయిదో, అంతకంటే ఎక్కువో రావడానికి 62 శాతం అవకాశం ఉంది. నాలుగు ఆప్షన్ల బిట్లలో అది 8 శాతం దాటదు. పైగా ‘చంద్రుడు స్వయంప్రకాశకుడు’ అన్నదానికి ‘తప్పు’ అని పెట్టినవాడికి ఆ వెలుగు ఎక్కడిదో తెలుసా? కాగితం చెప్పదు. ఇవ్వక తప్పదంటే, తప్పున్న మాటను సరిదిద్ది రాయమనండి.

జతపరచడానికి ఎడమన అయిదు, కుడిన ఏడు ఇస్తే చాలు, చివరిది ఊరికే దొరకదు. ఒక్కో వరుసలో అన్నీ ఒకే కోవవి ఉండాలి.

అసలు పోటీ ఖాళీలకూ ఆప్షన్లకూ మధ్యే. ఖాళీలో గుడ్డి దెబ్బ అంత సులువుగా తగలదు, అది దాని బలం. అయితే ‘గోదావరి ____లో పుట్టింది’ అని ఇచ్చి చూడండి. మహారాష్ట్ర, నాసిక్ జిల్లా, త్ర్యంబకేశ్వర్, పశ్చిమ కనుమలు... అన్నీ ఒప్పే, అన్నింటికీ మార్కు వేయాల్సిందే. ‘గోదావరి పుట్టిన జిల్లా ____’ అంటే గొడవ ఉండదు.

అయినా నా ఓటు ఆప్షన్లకే, తప్పు ఆప్షన్లను ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తేనే సుమా. 2/3 + 1/4 ఎంత? 11/12, 3/7, 3/12 అని ఇచ్చామనుకోండి. 3/7 పెట్టినవాడు పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేశాడు. 3/12 పెట్టినవాడికి క.సా.గు. వచ్చు, లవాలను మార్చడం మాత్రం మరిచాడు. ఇద్దరికీ పోయింది ఒక్కో మార్కే, చెప్పాల్సిన పాఠాలు మాత్రం వేరు. నాలుగోది ఉండాలి కదా అని 50 అని పడేస్తే దాన్ని ఎవరూ ముట్టుకోరు. 2005లో మైఖేల్ రోడ్రిగ్జ్ అనే పరిశోధకుడు ఇలాంటి బిట్ల మీద జరిగిన 80 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి, మూడు ఆప్షన్లే అనువైనవని తేల్చాడు. మూడే ఉంటే గుడ్డిగా పెట్టి సగం తెచ్చుకునే అవకాశం 21 శాతానికి పెరుగుతుంది, నిజమే. క్లాసు పరీక్షకు అంత నష్టం నేను ఓర్చుకుంటాను. ఎంట్రన్సుల సంగతి వేరు.

ఇక ప్రశ్నలోనే జవాబు లీకవడం. ‘మోటుపల్లి అభయశాసనం వేయించినవాడు ఎవరు?’ అని అడిగి, ఆప్షన్లలో గణపతిదేవుడి పక్కన రుద్రమదేవిని పెడితే ‘వాడు’ అన్న ముక్కే ఆమెను తీసేస్తుంది. ‘ఎవరు వేయించారు?’ అంటే సరి. ‘పైవన్నీ’ కూడా ఇలాంటిదే: రెండు ఒప్పని తెలిస్తే మూడోది చదవక్కర్లేదు. ఒప్పు జవాబు ఒక్కటే బారెడు పొడుగుంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

మరి తప్పు ఆప్షన్లు ఎక్కడినుంచి తేవాలి? పిల్లలు నింపిన ఖాళీల నుంచే. పాఠం అయిన వారంలో ఖాళీలు ఇచ్చి, ఎక్కువమంది రాసిన తప్పులను ఒక నోటుబుక్కులో ఎక్కించుకోండి. మన బుర్రలో పుట్టే తప్పులు పెద్దవాళ్ల తప్పులు, పిల్లలు వాటి జోలికి పోరు. పరీక్ష రేపే, నోటుబుక్కు ఇంకా ఖాళీ అంటారా, అయితే ఈసారికి ఖాళీలే ఇచ్చేయండి.