ధరలు మండుతున్నప్పుడు పేదింటికి ఏది మేలు: నగదా, ధాన్యమా, కూపనా?

ధరలు పెరిగినప్పుడు పేదింటికి ఏ రూపంలో సాయం చేయాలంటే చాలామంది ఠక్కున చెప్పే జవాబు: "డబ్బులిచ్చేస్తే సరి, కావలసింది వాళ్లే కొనుక్కుంటారు." ధరలు నిలకడగా ఉన్నంతకాలం నాదీ అదే మాట. నగదుకు గోదాములు అక్కర్లేదు, లారీలు అక్కర్లేదు, తూకంలో కోత పడదు. మందులు కొనాలా, పిల్లల ఫీజు కట్టాలా అన్నది ఇంటివాళ్ల ఇష్టం.

చిక్కల్లా ధర పరుగందుకున్నప్పుడే. ఇథియోపియాలో 2005లో మొదలైన ఉపాధి పథకంలో రోజు పనికి 3 కిలోల ధాన్యమో, దానికి బదులు 6 బిర్లో (బిర్ అక్కడి నాణెం, మన రూపాయిలాగా) ఇచ్చేవారు. 2008లో ధాన్యం ధర ఎగబాకింది. కూలి 8 బిర్లకు పెంచినా, ధరను అందుకోలేకపోయింది. ధాన్యం తీసుకున్నవాళ్ల 3 కిలోలు మాత్రం 3 కిలోలుగానే ఉన్నాయి. మునుపు నగదే కావాలన్నవాళ్లు కూడా చాలామంది ధాన్యం వైపు మళ్లారు. మళ్లరా మరి!

అలాగని ధాన్యానికే ఓటెయ్యలేం. కడుపు నిండటం వేరు, ఒంటికి బలం చేరడం వేరు. ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చిన ఇంట్లో పళ్లెం చూడండి. ముందు పళ్లు మాయమవుతాయి, తర్వాత మాంసం, గుడ్లు, పాలు. పప్పు పలచబడుతుంది. గింజలు మాత్రం ఆఖరిదాకా తగ్గవు, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. పళ్లెం నిండుగా కనబడుతుంది కాబట్టి ఆ ఇల్లు ఆకలితో ఉందని ఎవరికీ అనిపించదు. తరుగుతున్నది ఐరన్, జింక్, విటమిన్ ఎ, బి12. గర్భంలో పడ్డ నాటి నుంచి రెండేళ్లు నిండేదాకా ఉన్న వెయ్యి రోజుల్లో ఈ లోటు వస్తే, బిడ్డ ఎదుగుదలలో పడ్డ వెలితి తర్వాత పూర్తిగా పూడటం కష్టం. పైగా అందరికీ పెట్టాక మిగిలింది తినే తల్లికి ఆ కాస్త గుడ్డూ పాలూ కూడా దక్కవు. గింజల ఖర్చు తప్పితే ఆ డబ్బుతో కూరలు కొనొచ్చుగా అంటారా? కొనొచ్చు, ఆ డబ్బు అప్పులకు పోకుండా మిగిలితే.

ఇక కూపన్. 2011లో ఈక్వడార్‌లో ఐక్యరాజ్యసమితి సంస్థ అయిన ప్రపంచ ఆహార కార్యక్రమం నగదు, ఆహారం, కూపన్ మూడింటినీ ఆరు నెలలపాటు పక్కపక్కనే పెట్టి చూసింది. మూడూ మేలే చేశాయి. కేలరీలు ఎక్కువ పెంచింది ఆహారం, తిండిలో రకాలు ఎక్కువ పెంచింది కూపన్. పంపిణీ ఖర్చు ఎక్కువైంది ఆహారానికే.

కూపన్ మీద రాసింది సొమ్ము విలువే అయితే ధర పెరిగినప్పుడు అదీ నగదులాగే కరిగిపోతుంది. అమెరికాలో గర్భిణులకు, పసిపిల్లలకు ఇచ్చే విక్ పథకంలో పాలు ఇన్ని, గుడ్లు ఇన్ని అని కొలతే రాస్తారు. ధర పెరిగితే ఆ భారం పథకానిది, తల్లిది కాదు. పళ్లూ కూరగాయలకు మాత్రం సొమ్ము విలువ ఇచ్చి, దాన్ని ధరలను బట్టి సవరిస్తారు.

అందుకని ధరలు మండుతున్న రోజుల్లో నా మొగ్గు గింజలు సంచిలోనూ, గుడ్లూ పాలూ పప్పూ కొలత రాసిన కూపన్‌లోనూ ఇవ్వడానికే. కూపన్ తీసుకునే కొట్టు ఊరంతటికీ ఒక్కటే అయితే మాత్రం వద్దు, అక్కడ నాణ్యతా తూకమూ కొట్టువాడి దయ. నగదు తప్ప మరో దారి లేకపోతే ఏడాదికోసారి కాదు, నెలనెలా సవరించాలి. ఆ లెక్కలో గింజల ధరతోపాటు గుడ్ల ధర కూడా ఉండాలి.