1902, 1908, 1983: పాటకు ఏ తేదీ ఎక్కువ మేలు చేసింది?

మొన్న దసరాకు ఇల్లు దులుపుతుంటే, హన్మకొండలోని మా ఇంటి అటక మీంచి తాత దాచుకున్న కుక్క బొమ్మ గ్రామఫోన్ ప్లేట్లు, నాన్న క్యాసెట్ల డబ్బా దొరికాయి. బాపమ్మ మంచం పక్కన సరిగమ కంపెనీ వాళ్ళ పాటల పెట్టె కారవాన్ ఎలాగూ ఉంది. మూడింటినీ వరసగా పెట్టి చూసి మా తమ్ముడి కొడుకు అడిగాడు: "పెద్దనాన్నా, వీటిలో ఏది వచ్చిన ఏడాది గొప్పది?"

అందరూ చెప్పే జవాబు 1902. లండన్‌లో 1898లో పుట్టిన గ్రామఫోన్ కంపెనీ, తర్వాత మనకు హెచ్‌ఎంవీగా తెలిసిన కంపెనీ, పాటలు రికార్డు చేసే ఫ్రెడ్ గైస్‌బర్గ్‌ను కలకత్తా పంపింది. ఆ నవంబరులో ఆయన గాయని గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లిషులో చెబుతుంది. ఎందుకంటే ప్లేట్లు తయారయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్ళకు తెలియాలి కదా. ఆ ఒక్క మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అయినా నా ఓటు 1902కి కాదు. పాట మనది, ప్లేటు చేసే లక్క కూడా చాలావరకు మన అడవులదే. అచ్చయిన ప్లేటు మాత్రం ఓడ ఎక్కి మన దగ్గరికి తిరిగి రావాలి!

1908లో కలకత్తా సియాల్దాలో కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. ప్లేటు ఇక్కడే అచ్చయింది. కంపెనీ సొంత తేదీల్లో నాకు ఇదే మేలనిపిస్తుంది. 1928లో డమ్‌డమ్ ఫ్యాక్టరీ, 1931లో కొలంబియా కంపెనీతో కలిసి ఈఎంఐ కావడం, 2000లో ఇక్కడి కంపెనీకి సరిగమ అనే పేరు, ఇవన్నీ కంపెనీకి పెద్ద సంగతులే. వినేవాళ్ళకు అంత తేడా తెలియదు.

అయితే ఆ పాత ప్లేటులో ఒక ఇబ్బంది ఉంది. ఒక్కో వైపు దాదాపు 3 నిమిషాలే. ఐనవోలు మల్లన్న జాతర చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, డోలు కొడుతూ పాడి చెప్పే దేవుడి కథ, ఒగ్గు కథ, తెల్లవార్లూ నడుస్తుంది. డోలు దెబ్బ ఊపందుకునేలోపే ప్లేటు అయిపోతుంది.

అందుకే నా మనసు 1983 వైపు మొగ్గుతుంది. అది హెచ్‌ఎంవీ తేదీ కాదు, దానికి పోటీగా నిలిచినవాళ్ళది. గుల్షన్ కుమార్ సూపర్ క్యాసెట్స్ మొదలుపెట్టిన ఏడాది, అదే తర్వాతి టీ-సిరీస్. ఫిలిప్స్ 1963లోనే తెచ్చిన క్యాసెట్ మన దేశంలో చవగ్గా ఊరూరికీ చేరింది 80లలోనే. క్యాసెట్‌కు పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. రెండు వైపులా కలిపి 60 నిమిషాలు పట్టేది. మేడారం జాతరకు పోయినప్పుడు సమ్మక్క సారలమ్మ పాటలు, ఒగ్గు కథలు బండ్ల మీద పెట్టి అమ్మడం నేను చిన్నప్పుడు చూశాను. మా యాసలో పాడిన గొంతు డబ్బాలోంచి వినపడితే ఎంత సంతోషమో! క్యాసెట్‌తో బాధలూ ఉన్నాయి. టేపు చుట్టుకుపోయేది, పెన్సిల్ పెట్టి తిప్పేవాళ్ళం. దొంగ కాపీల వల్ల పాడినవాళ్ళకు రావాల్సిన డబ్బు చాలా పోయింది. ఆ నష్టం చిన్నది కాదు.

మరి 2017లో వచ్చిన కారవాన్? పెద్దవాళ్ళకు దాన్ని మించింది లేదు. 5000 పాటలు ముందే ఉంటాయి, ఫోన్‌తో పనిలేదు, మీట తిప్పితే చాలు. బాపమ్మ కళ్ళజోడు లేకుండానే పెట్టుకుంటుంది. కానీ అందులో ఉండేది కంపెనీ దగ్గరున్న పాటలే. ఆమె అడిగే మల్లన్న కథ లేదు.

పెన్ డ్రైవ్ పెట్టుకునే చోటు ఉంది కాబట్టి, నాన్న డబ్బాలోని ఒగ్గు కథ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి అందులో పెట్టాం. రెండో వైపు చివర టేపు తెగి కథ మధ్యలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి బాపమ్మే అందుకుంటోంది.